కదలని ముల్లు

ప్రమాదంలో నలిగిన కారుని పోలీసుస్టేషను వెనకున్న రేకుల షెడ్డులో పడేశారు. తక్కెడ దాని చుట్టూ తిరిగి చూసే శ్రమ పెట్టుకోలేదు. నేరుగా డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి పెట్టి బ్రేకు పెడలు చూశాడు.

పెడలు కాడ పక్కకి వంగిపోయి ఉంది.

అతని అసలు పేరు ఆ స్టేషన్లో ఎవరికీ గుర్తులేదు. అపరాధ పరిశోధకుడు కాకముందు అతను చాలా ఏళ్ళు కార్ల స్పేరు పార్టుల దుకాణం నడిపాడు. ఏ మాటనైనా అటూ ఇటూ తూచి గానీ నోరు విప్పడని బజారు వాళ్ళు పెట్టిన పేరు తక్కెడ. దుకాణం పోయింది, పేరు మిగిలింది. సరుకు చూపించేవాడు ఒక చెయ్యి ముందుకు చాపితే రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకోవాలన్న అలవాటు కూడా మిగిలింది. ఆ అలవాటు మీదే ఇప్పుడు పొట్ట గడుస్తోంది.

ఇవాళ మాత్రం తూకంలో ఉన్నది సొంత అక్క కొడుకు.

వాడు మెకానిక్కు, ఇంటి ముందే షెడ్డు పెట్టుకున్నాడు. ఊళ్ళో పళ్ళ డాక్టరు తన పాత కారుకి సూపర్‌ఛార్జరు పెట్టించుకోవాలని సరదా పడ్డాడు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలక, బెల్టుతో తిరిగే ఒక మరని బిగించి, దాని చేత గాలిని బలవంతంగా లోపలికి తోయించడమే ఆ పని. మేనల్లుడు బిగించి ఇచ్చాడు. పది రోజులు తిరక్కుండానే, మొన్న ఆదివారం పొద్దున, కొండదారి దిగుతూ మలుపులో రాతిగోడని గుద్ది డాక్టరు చనిపోయాడు. పనిలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని మేనల్లుణ్ణి లోపలేశారు. మధ్యాహ్నం కోర్టులో బెయిలు మీద వాదన ఉంది.

“ఏం తక్కెడగారూ, తూకం తేలిందా?”

వెనక నిలబడ్డవాడు ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో టార్చిలైటు. పనిలో గట్టి మనిషి. తక్కెడకి దిగులంతా అక్కడే. తెలివితక్కువవాడైతే ఎక్కడో ఒకచోట పట్టు దొరికేది.

“ఇప్పుడే కదండీ తలుపు తీసింది.”

“నా రిపోర్టు దాదాపు అయిపోయింది. చెప్పమంటారా? మామూలు ఇంజను తన గాలిని తానే గట్టిగా అదిమి పెట్టుకుంటుంది. దాని మీద ఇంకా గాలి కుక్కితే పెట్రోలు వేళకి ముందే పేలుతుంది. పిస్టను కరుగుతుంది, ఇంజను పట్టేస్తుంది, చక్రాలు బిగుసుకుపోతాయి. బండి మలుపు తిరక్కుండా గోడలోకి పోతుంది. మీవాడు లోపలి పిస్టన్లు మార్చకుండా పైన మర తగిలించాడు. అంతే కథ.”

“పిస్టను కరగడం మీరు చూశారా?”

“రేపు విప్పిస్తాను.”

“రేపటిదాకా ఎందుకు, స్పానరు ఇటివ్వండి.”

నలిగిన రేడియేటరు ముక్కల్ని పక్కకి నెట్టి, తక్కెడ ఇంజను కింది పుల్లీ నట్టుకి స్పానరు పెట్టి లాగాడు. ఇంజను తిరిగింది. మళ్ళీ లాగాడు. ఎక్కడా పట్టు లేకుండా తిరిగింది. ఒక ప్లగ్గు విప్పి సర్వేయరు అరచేతిలో పెట్టాడు.

“పిస్టను కరిగితే దీని మొన మీద వెండిపొడి అంటుకోవాలి. ఉందా?”

సర్వేయరు టార్చి వేసి చూశాడు. “లేదు.”

“రోడ్డు మీద టైరు గీత పడిందా?”

“లేదు.”

“చక్రాలు బిగుసుకుని ఉంటే గీత పడి తీరాలి కదా.”

“పడాలి,” అని ఒప్పుకున్నాడు సర్వేయరు. వెంటనే, “అయితే అసలు బ్రేకే కొట్టలేదన్నమాట. కునుకు పట్టి ఉంటుంది,” అన్నాడు.

“కునుకు పట్టినవాడు ఇనప కాడని వంచేసేంత గట్టిగా పెడలు తొక్కుతాడా? ఒకసారి వంగి చూడండి.”

సర్వేయరు వంగి చూశాడు. లేచాక మొహంలో వెటకారం లేదు. “బ్రేకు నూనె కారలేదు. నిన్ననే చూశాను. ప్యాడ్లు కొత్తవి.”

“అంటే కాలికి సాయం అందలేదు,” అన్నాడు తక్కెడ.

పెడలు మెత్తగా దిగడానికి దాని వెనక ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. ఇంజను తన పీల్పుతో ఆ డబ్బాలోని గాలిని లాగేసి ఉంచుతుంది. డ్రైవరు కాలు ఆనించగానే ఆ ఖాళీయే సగం బరువు మోస్తుంది. డబ్బా నుంచి ఇంజనుకి వెళ్ళే గొట్టంలో ఒక చిన్న వన్‌వే వాల్వు ఉంటుంది. లోపల ఒక చిన్న బిళ్ళ అడ్డు ఉండి, గాలి ఇంజను వైపు పోవచ్చు, తిరిగి రాకూడదు. పీల్చే ఇంజనులో అదొక జాగ్రత్త. బలవంతంగా గాలి తోసే ఇంజనులో మాత్రం బతుకంతా ఆ వాల్వు మీదే. అది లేకపోతే మర తోసే గాలి వెనక్కి వచ్చి డబ్బాలో జొరబడుతుంది, లోపలి రబ్బరు పొరని చించేస్తుంది. ఆ తర్వాత పెడలు బండరాయే.

తక్కెడ గొట్టం వెంట వేళ్ళు పోనిచ్చి వాల్వు పీకాడు. దుకాణంలో ఉన్నప్పుడు దీన్ని అమ్మే ముందు నోటితో ఊది చూపించేవాడు. ఇప్పుడూ ఊదాడు. పోయింది. తిప్పి రెండోవైపు నుంచి ఊదాడు.

పోయింది.

నాలుగు రోజుల్లో మొదటిసారి అతనికి ఊపిరి తేలిగ్గా ఆడింది. “చూశారా? ఇంజను తప్పు లేదు. సూపర్‌ఛార్జరు తప్పు లేదు. బిళ్ళ పోయిన వాల్వు ఇది. మావాడి పని శుభ్రంగా ఉంది.”

సర్వేయరు దాన్ని అందుకుని లోపలికి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. చూసేకొద్దీ అతని గొంతు మెత్తబడింది.

“బిళ్ళ అరిగి పోలేదు తక్కెడగారూ. గుద్దుకి విరిగీ పోలేదు. అంచు చుట్టూ గీతలున్నాయి. సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి పెకలించారు.”

తక్కెడ చూశాడు. గీతలు ఉన్నాయి.

“ఇప్పటిదాకా నేను మీ మేనల్లుణ్ణి అజాగ్రత్త మనిషి అన్నాను. దానికి బెయిలు వస్తుంది. ఇది అజాగ్రత్త కాదు. ఎవరో కావాలని బ్రేకు చంపారు. ఈ బండిని విప్పి బిగించింది మీవాడొక్కడే.” వాల్వుని సంచిలో వేసి సీలు వేశాడు. “హత్య అని నేననలేదు. మీరే తేల్చిపెట్టారు.”

“వాడికి డాక్టరుతో పగేంటండీ?”

“అది పోలీసులు అడుగుతారు. నేను జీపులో కొండ మలుపుకి వెళ్తున్నాను. గీత లేదన్న సంగతి ఇంకోసారి చూసుకుని, కోర్టు మొదలయ్యేలోగా రిపోర్టు ఇచ్చేస్తాను. మీరేం అనుకోకండి.”

నష్టానికి అమ్మడం తక్కెడకి కొత్త కాదు. మంచి సరుకనుకుని భుజాన మోసుకొచ్చి, సొంతింటికి తనే నిప్పు పెట్టుకోవడం మాత్రం కొత్త.

*

లాకప్పు ఊచల వెనకనుంచి మేనల్లుడు అడిగిన మొదటి మాట, “మామయ్యా, ఇంజను పట్టేసిందా?”

“లేదురా. చేత్తో లాగితే తిరుగుతోంది. ప్లగ్గు కూడా శుభ్రంగా ఉంది.”

వాడి మొహం వెలిగింది. ఆ వెలుగు చూడలేక తక్కెడ గోడ వైపు తిరిగాడు.

“నాకు తెలుసు మామయ్యా. పిస్టన్లు మార్చని మాట నిజమే. అందుకే మరకి పెద్ద పుల్లీ వేశాను, నెమ్మదిగా తిరగాలని, గాలి కొంచెమే తోయాలని. స్పార్కు ఆలస్యం చేశాను. పెట్రోలు ఎక్కువ పోసే ఇంజెక్టర్లు పెట్టాను. అది పట్టేయడమేంటి, వీళ్ళ మొహం.”

“బ్రేకు గొట్టంలో వాల్వు బిళ్ళ ఎవరు తీశార్రా?”

“ఏ బిళ్ళ?”

“వాల్వు ఉత్త డొల్ల. ఎవరో పెకలించారు.”

మేనల్లుడి చేతులు ఊచల మీంచి జారాయి.

“ఆ గొట్టానికే మూడు మూతుల టీ ముక్క వేసి, డాష్‌బోర్డు మీద గాలి ఒత్తిడి చూపే మీటరుకి సన్న పైపు ఇచ్చావు. ఎందుకు?”

“అక్కడైతే చెయ్యి అందుతుందని. అది నా పొరపాటే.” వాడు నేల చూపులు చూస్తూ చెప్పాడు. “వాల్వుకీ డబ్బాకీ మధ్యలో ఇచ్చాను. అక్కడి గాలిని ఇంజను లాగేసి ఉంచుతుంది. మర ఎంత తోసినా వాల్వు దాటి రాదు, మీటరు ముల్లు కదలదు. డాక్టరుగారు రోజూ ఫోను. ‘ఇంత ఖర్చు పెట్టించావు, నీ మర పనిచేస్తోందని నా కంటికి కనబడొద్దా’ అని. సోమవారం రండి, పైపు వేరే చోటికి మారుస్తానన్నాను. శనివారం నేను ఊళ్ళో లేను.”

“శనివారం ఆయన మీ షెడ్డుకి వచ్చాడా?”

“సాయంత్రం ఫోను చేశారు. ముల్లు బ్రహ్మాండంగా కదులుతోంది, థాంక్స్ అన్నారు. ఏ కుదుపుకో అదే సర్దుకుందనుకున్నాను. నేను…” మాట మధ్యలో ఆగిపోయింది.

తక్కెడకి వాడి కళ్ళలో ఒక తలుపు మూసుకోవడం కనిపించింది.

“ఆ రోజు షెడ్డులో ఎవరున్నార్రా?”

“నేనే తీశాను మామయ్యా.”

“ఇప్పుడేగా ఊళ్ళో లేనన్నావు.”

“శుక్రవారం తీశాను. అలాగే రాయించండి.”

“శుక్రవారం తీస్తే శనివారం దాకా ముల్లు ఎందుకు కదల్లేదు? అయినా నువ్వు బ్రేకు సంగతి తెలిసినవాడివి. మీటరు కోసం వాల్వు మీద చెయ్యి వేస్తావా? పైపు మారుస్తావు గానీ.”

“మీరు నా పార్టీనా, వాళ్ళ పార్టీనా?” వాడు మళ్ళీ ఊచలు పట్టుకున్నాడు. “ఎలాగూ లోపలున్నాను. ఉన్నవాణ్ణి ఉండనీండి. ఇంట్లో ఎవర్నీ ఏమీ అడగొద్దు. మీ కాళ్ళు పట్టుకుంటా.”

తక్కెడ బయటికి వచ్చి మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. షెడ్డులో వైర్లూ సన్న పైపులూ చూసుకునేది మేనల్లుడి భార్య. పెళ్ళాన్ని కాపాడుకోవడానికి హత్య నేరం మీదేసుకుంటున్నాడు పిచ్చివెధవ. కోడల్ని అడగాలి. అడిగాక ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. ఎటు చూసినా చేతికి వచ్చేది లేదు, పోయేదే.

*

మేనల్లుడి షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు. అక్క బల్ల మీద దుప్పటి మడిచి పరిచి కొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

“కోర్టుకి మురికి చొక్కాతో వెళ్తాడేమోనని,” అంది. “జడ్జిగారు మనిషిని చూసి కూడా అనుకుంటారు కదరా. నువ్వు తీసుకెళ్ళి ఇస్తావా?”

“ఇస్తాను. కోడలేదీ?”

“లాయరుగారి బండి కదలడం లేదట. తీసుకురావడానికి వెళ్ళింది. నీ మొహమేంటి అలా ఉంది? ఏమన్నారు వాళ్ళు?”

“ఇంజను బాగుందన్నారు.”

“నేను మొదటే చెప్పలేదూ? మీ బావ పనితనం వాడికి వచ్చింది.” బావ బతికున్నంతకాలం నీళ్ళ పంపులు బాగుచేశాడు. అక్క పక్కన కూర్చుని సామాను అందిస్తూ సగం పని నేర్చింది.

తక్కెడ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “అక్కా, శనివారం డాక్టరు వచ్చినప్పుడు షెడ్డులో ఉన్నది కోడలేనా?”

“అదెక్కడుంది? పొద్దున్నే పుట్టింటికి పోయింది. నేనే ఉన్నాను.”

తక్కెడ స్టూలు ముందుకి జరిపాడు.

“డాక్టరు ఏమన్నాడేంటి?”

“ఏమన్నాడా. చచ్చిపోయినవాణ్ణి అనకూడదు గానీ, వాకిట్లో నిలబడి, వీధిలో వాళ్ళంతా వింటుండగా, మీవాడు నన్ను మోసం చేశాడమ్మా అన్నాడు. మర పెట్టనే లేదు, ఉత్త డబ్బా తగిలించాడన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు రేయింబవళ్ళు పడి చేసిన పని రా అది.” చొక్కా తిప్పి కాలరు మీద పెట్టె ఆనించింది. “ఏదీ చూద్దాం అని మీటరు పైపు వెంట పోయాను. మధ్యలో తెల్ల వాల్వు ఉంది. పీకి ఊదాను. ఒకవైపు పోతోంది, ఇంకోవైపు పోవడం లేదు. ఓహో, ఇరుక్కుందనుకున్నాను. పంపు పైపులో రేకు ఇరుక్కుంటే మీ బావ చేసేదదేగా. పెకలించి అవతల పారేస్తే నీళ్ళు దూకుతూ వచ్చేవి. అలాగే తీసేశాను. డాక్టరు బండి ఎక్కి ఇటు నాలుగు వీధులు తిరిగి వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు రా. తిట్టానమ్మా, మనసులో పెట్టుకోకండి అని చేతులు పట్టుకున్నాడు.”

తను ఊదిన ఊపిరే అక్కా ఊదింది. తను చూసి సంబరపడ్డదాన్ని ఆవిడ చూసి బాగుచేసింది.

“ఈ మాట వాడికి చెప్పావా?”

“ఎక్కడ చెప్పనిచ్చారు? మర్నాడే పట్టుకుపోయిరి. వాడు వస్తే చెప్పి గొప్పలు పోదామనుకున్నా.” కొంచెం నవ్వింది. ఈ నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే. “మన బండిది కూడా ఆ చేత్తోనే సరిచేశాను.”

“మన బండా?”

“సొంత బండికి బిగించి చూసుకున్నాకే కదా వాడు బయటివాళ్ళకి మొదలెట్టింది. దానికీ అదే జబ్బు, ముల్లు కదిలేది కాదు. వాడికి తీరిక లేక వదిలేశాడు. నేను దాని వాల్వు కూడా విప్పి బిళ్ళ తీసేశా. అప్పట్నుంచీ దాన్ని నడిపే నాథుడు లేడు, షెడ్డులోనే పడుంది.”

షెడ్డులోంచే తక్కెడ నడిచి వచ్చాడు. షెడ్డు ఖాళీగా ఉంది.

“బండి ఏదక్కా?”

“కోడలు తీసుకెళ్ళింది కదరా, లాయరు కోసం. ఆయన ఇల్లు కొండకి అవతల, వెళ్ళేటప్పుడు చుట్టుదారిన నిదానంగా పోయింది. ఈపాటికి ఆయన్ని ఎక్కించుకుని కొండదారిన వస్తూ ఉంటుంది. కోర్టు టైముకి అందుకోవాలి, ఎక్కడా ఆగకుండా పోనీ అని నేనే చెప్పాను.”

తక్కెడ అప్పటికే ఫోను తీశాడు. కోడలి నంబరు మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ మోగి ఆగిపోయింది. లాయరు ఫోను ఆపేసి ఉంది.

“బండి నడుపుతుంటే ఎత్తదు,” అంది అక్క. “ఏమైందిరా?”

కొండమీద ఇప్పుడు మనిషంటూ ఉన్నది ఒక్కడే. తక్కెడ సర్వేయరు నంబరు నొక్కాడు.

“చెప్పండి,” అన్నాడు సర్వేయరు. వెనక గాలి హోరు.

“సర్వేయరు గారూ, జీపు తీసుకుని కొండ పైకి వెళ్ళండి. అవతల నుంచి ఒక ఆకుపచ్చ కారు ఎక్కి వస్తోంది. శిఖరం దాటి మీ వైపు దిగకముందే ఆపండి. దానికీ సూపర్‌ఛార్జరు ఉంది. దాని వాల్వులోనూ బిళ్ళ లేదు. లోపల మా కోడలూ లాయరూ ఉన్నారు.”



“తక్కెడగారూ, మీ బాధ నాకు తెలుసు. కానీ నన్ను ఈ మలుపు నుంచి కదిలించి, రిపోర్టు కోర్టుకి అందకుండా చెయ్యాలంటే ఇంతకంటే మంచి ఎత్తు వెయ్యండి.”

“ఎత్తు కాదండీ. మావాడి మీద ఒట్టు.”

“సరే, నిజమే అనుకుందాం. బిళ్ళ లేదని మీకెలా తెలుసు? పొద్దున మీకు తెలియదు. మీ మేనల్లుడు లాకప్పులో ఉన్నాడు. ఎవరు తీశారు? ఎవరో ఒకరు చెప్పి ఉండాలి కదా. పేరు చెప్పండి, కదులుతాను.”

తక్కెడ నోరు తెరిచాడు. ఎదురుగా అక్క నిలబడి ఉంది, చేతిలో ఇస్త్రీపెట్టె గాలిలో ఆగిపోయి ఉంది. ఫోనులో మాటలు ఆవిడకీ వినిపిస్తున్నాయి. బతుకంతా తూకం వేసినవాడికి ఈ రెండు బరువుల మధ్య చెయ్యి ఆడలేదు. ఒకవైపు ఇరవై చిల్లర ఏళ్ళ పిల్ల. ఇంకోవైపు తనని ఎత్తుకుని పెంచిన అక్క. ఆలస్యమైన ప్రతి క్షణం ఆ పిల్లదే.

అక్క అతని మొహం చూసింది. చూస్తూ ఉండగానే ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. డాక్టరు నవ్వుతూ పట్టుకున్న చేతుల్ని ఆవిడ ఒకసారి కిందికి వంగి చూసుకుంది.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, ఫోను అతని చేతిలోంచి తీసుకుంది.

“బాబూ, నేను మెకానిక్కు తల్లిని,” అంది. “డాక్టరుగారి బండిలో బిళ్ళ తీసింది నేను. మా బండిలోదీ నేనే. నా కొడుక్కి ఏ పాపం తెలీదు. మీరు వెళ్ళి ముందు ఆ పిల్లని ఆపండి. తర్వాత నా దగ్గరికి రండి, నేనెక్కడికీ పోను.”

సర్వేయరు ఇంకేమీ అడగలేదు. పరిగెత్తే బూట్ల చప్పుడు వినిపించింది, జీపు తలుపు చప్పుడు, డ్రైవరు మీద కేక. ఫోను ఆపడం అతను మరిచిపోయాడు.

జీపు ఇంకా స్టార్టు కాలేదు. కొండ పైనుంచి, ఫోనులో, సన్నటి కూత ఒకటి దగ్గరవుతూ వచ్చింది. బెల్టు మీద తిరిగే మర పూర్తి బలంతో గాలి తోస్తే వచ్చే కూత. ఆ ఇంట్లో దాన్ని గుర్తుపట్టని మనిషి లేడు. అది పెరుగుతున్నంతసేపూ బండి ఇంకా ఎక్కుతున్నట్టే లెక్క. తక్కెడా, అక్కా ఫోను మధ్యలో పెట్టుకుని విన్నారు.

కూత ఒక్కసారిగా ఆగిపోయింది. ఆ పిల్ల ఆక్సిలరేటరు మీంచి కాలు తీసింది. కొండ ఎక్కడం అయిపోయింది, ఇక దిగడమే.